డి'ఒలివెరా ఒక్కడి వల్లే దక్షిణాఫ్రికా వెలి పడిందా?

మీ అమ్మాయి కళాశాలలో చర్చా పోటీ ఉందనీ, అంశం ‘క్రీడల్లో రాజకీయాలకు తావు లేదు’ అనీ, తను దానికి వ్యతిరేకంగా మాట్లాడాలనీ రాశారు. దక్షిణాఫ్రికాలో పుట్టి ఇంగ్లండ్ తరఫున ఆడిన క్రికెటర్ బాసిల్ డి'ఒలివెరా ఉదాహరణ చెప్పమని ఎవరో సలహా ఇచ్చారట. మీ సందేహాలు మూడు. ఒక క్రికెటర్ కారణంగా దక్షిణాఫ్రికాను ప్రపంచ క్రికెట్ వెలివేసిందనడం అతిశయోక్తి కాదా? ఆ వెలి వల్ల వర్ణవివక్షకు నిజంగా దెబ్బ తగిలిందా? ఏ పాపమూ ఎరుగని ఆటగాళ్లను శిక్షించడం న్యాయమేనా?

మొదటిదానికి సూటిగా చెబుతాను. ఒక్కడి వల్ల కాదు. డి'ఒలివెరా ఉద్యమకారుడు కాడు, ఊరేగింపుల్లో నడిచినవాడు కాడు. ఆయన చేసిందల్లా పరుగులు తీయడం. అయితే ఆ పరుగులు అటు లండన్ క్రికెట్ పెద్దలకూ ఇటు ప్రిటోరియాలోని దక్షిణాఫ్రికా పాలకులకూ తప్పించుకునే దారి లేకుండా చేశాయి. అంతకుముందు చాటుమాటుగా నడిచిన వ్యవహారాన్ని దక్షిణాఫ్రికా ప్రధాని స్వయంగా వేదికెక్కి ఒప్పుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ‘మాకు ఆట తప్ప ఇంకేమీ తెలియదు’ అని చెప్పుకునే వీలు ఎవరికీ లేకపోయింది. ఆయన వారసత్వం అదే. మిగిలిన పని చాలామంది చేశారు.

తెలుగు పత్రికలో క్రీడా విభాగంలో చాలాకాలం పనిచేసి, తర్వాత పాత్రికేయ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. ఈ ఉదంతం చెప్పినప్పుడల్లా పిల్లలు దీన్ని మంచివాడికీ చెడ్డవాడికీ మధ్య పోరుగా రాసుకొచ్చేవారు. నాకైతే ఇందులో చెడ్డవాళ్ల కన్నా పెద్దమనుషులే ఎక్కువ ఆసక్తికరంగా కనిపిస్తారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

డి'ఒలివెరా కేప్‌టౌన్‌లో పుట్టాడు. 1950 నాటి జనాభా నమోదు చట్టం దేశంలో ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేసింది. ఆయనకు పడినది ‘కలర్డ్’, అంటే మిశ్రమ జాతి. ఆ ముద్రను బట్టే ఎక్కడ కాపురం ఉండాలో, ఏ బడిలో చదవాలో, ఏ మైదానంలో ఆడాలో తేలిపోయేది. తెల్లవారికి పచ్చిక పిచ్‌లు, పెవిలియన్లు, టెస్టు జట్టు. మిగిలినవారికి గులకరాళ్ల నేల మీద పరిచిన చాప పిచ్. అక్కడే ఆయన బ్యాటింగ్ నేర్చాడు. తెల్లేతరుల జట్టుకు నాయకుడై 1958లో తూర్పు ఆఫ్రికాకు తీసుకెళ్లాడు. అంతకు మించి పైకి వెళ్లే మెట్టే లేదు. టెస్టు జట్టుకు పరిగణించడమన్న మాటే ఆ వ్యవస్థలో పుట్టదు. ఇది ఆయన కాలంలో మొదలైన దురన్యాయమూ కాదు. 1894లోనే క్రోమ్ హెండ్రిక్స్ అనే ఫాస్ట్ బౌలర్‌ను ఇంగ్లండ్ వెళ్లే జట్టులోకి రానివ్వలేదు. అప్పుడు కేప్ ప్రధాని సెసిల్ రోడ్స్. అపార్థీడ్ (వర్ణవివక్ష) చట్టాలు రావడానికి అర్ధ శతాబ్దం ముందే ఆటలో రేఖ గీశారన్నమాట. ‘ఆటలోకి రాజకీయం తెచ్చింది ఆందోళనకారులు’ అని ఎవరైనా వాదిస్తే మీ అమ్మాయి ఈ 1894 సంగతి అడగాలి.

డి'ఒలివెరా ఇంగ్లండ్‌లో ఉన్న వ్యాఖ్యాత జాన్ ఆర్లాట్‌కు ఆకుపచ్చ సిరాతో ఉత్తరం రాశాడు, ఎక్కడైనా ఆడే అవకాశం ఇప్పించమని. ఆర్లాట్ 1948–49లో దక్షిణాఫ్రికా చూసి వచ్చినవాడు, అక్కడి తీరు చూసి రగిలిపోయినవాడు. ఆయనా, మాంచెస్టర్ పాత్రికేయుడు జాన్ కే కలిసి ప్రయత్నిస్తే 1960లో లాంక్‌షైర్‌లోని మిడిల్టన్ క్లబ్బులో చోటు దొరికింది. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ వెస్ హాల్ రాలేకపోవడంతో ఖాళీ అయిన చోటు అది. జీతం సీజనుకు 450 పౌండ్లు. విమాన ఖర్చులకు కేప్‌టౌన్‌లో ఆయన మనుషులే చందాలు వేసుకున్నారు. లండన్‌లో దిగాక తనకు తెల్లవాడు వడ్డించడం చూసి ఆయన తడబడిపోయాడట. నల్లవారికి వేరే ద్వారం ఎక్కడుందని వెతుక్కున్నాడట. మొదట పచ్చిక పిచ్ మీద బ్యాటుకు బంతి తగలక అవస్థ పడ్డాడు. సీజను ముగిసేసరికి లీగ్ బ్యాటింగ్ సగటులో ఆయనే ముందున్నాడు. అదే లీగ్‌లో గ్యారీ సోబర్స్ కూడా ఆడుతున్నాడని గుర్తు పెట్టుకుంటే ఆ ఫలితం విలువ తెలుస్తుంది.

1964లో వోర్సెస్టర్‌షైర్‌లో చేరాడు. 1966లో ఇంగ్లండ్ తరఫున వెస్టిండీస్‌పై లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడాడు. అప్పటికి ముప్పై దాటి చాలా అయింది. వయసు తెలిస్తే ఎవరూ తీసుకోరని కొన్నేళ్లు తగ్గించి చెప్పేవాడు. నా దృష్టిలో ఇది అబద్ధం కిందికి రాదు. దేశం మింగేసిన సంవత్సరాలను ఆయన లెక్కలోంచి తీసేశాడు, అంతే. మొదటి టెస్టు శతకం మనమీదే, 1967లో లీడ్స్‌లో 109. ఆ మ్యాచ్‌లో ఫాలో ఆన్ ఆడుతూ 148 చేసిన మన నాయకుడు పటౌడీ. హైదరాబాద్ తరఫున రంజీ ఆడిన ఆ పటౌడీని తలచుకునే పాతతరం వారిలో చాలామందికి అవతలి జట్టులోని శతకం గుర్తుండకపోవచ్చు.

ఇక అసలు ఘట్టం 1968. ఆ శీతాకాలంలో ఇంగ్లండ్ జట్టు ఎంసీసీ (అప్పట్లో ఇంగ్లండ్ విదేశీ పర్యటనలు నడిపిన మెరిలిబోన్ క్రికెట్ క్లబ్) పేరుతో దక్షిణాఫ్రికా వెళ్లాలి. డి'ఒలివెరా ఎంపికైతే రానిస్తారా? ఈ ప్రశ్న ఏడాది మొదటి నుంచీ అందరి నోళ్లలోనూ ఉంది. ఎంసీసీ జవాబు కోరుతూ ఉత్తరం రాసింది. అవతలి వారు తేల్చలేదు. బ్రిటన్ పూర్వ ప్రధాని, ఎంసీసీ ప్రముఖుడు కూడా అయిన అలెక్ డగ్లస్ హోమ్ ‘గట్టిగా అడగకండి’ అని సలహా ఇచ్చాడు. ఇంకో పెద్దమనిషి లార్డ్ కోబామ్ దక్షిణాఫ్రికా ప్రధాని జాన్ వోర్స్టర్‌ను కలిశాడు. డి'ఒలివెరా వస్తే పర్యటన ఉండదని వోర్స్టర్ తేల్చి చెప్పాడు. ఆ కబురు ఉత్తరంగా ఎంసీసీ కార్యదర్శికి అందింది. ఆయనతో పాటు అధ్యక్షుడు, కోశాధికారి చదివారు. పూర్తి కమిటీ ముందు మాత్రం పెట్టలేదు. నన్నడిగితే ఈ వ్యవహారం మొత్తంలో ఎక్కువ సిగ్గుపడాల్సింది ఆ ఉత్తరాన్ని సొరుగులో పెట్టినందుకే. వోర్స్టర్ దాపరికం లేని జాత్యహంకారి. వీళ్లు మర్యాదస్తులు, ఎవరినీ నొప్పించకూడదనుకునేవారు. ఆ మర్యాదకు మూల్యం చెల్లించాల్సింది మాత్రం ఇంకొకడు.

మరోవైపు డబ్బు ఎర కూడా పడింది. దక్షిణాఫ్రికా పొగాకు వ్యాపారంతో సంబంధమున్న టీనీ ఊస్ట్‌హ్యూజెన్ అనే అధికారి ఏడాదికి 4,000 చొప్పున పదేళ్లకు 40,000 పౌండ్లతో శిక్షకుడి ఉద్యోగం ఇవ్వజూపాడు. పర్యటనకు అందుబాటులో లేనని ఎంపికకు ముందే ప్రకటించాలన్నది షరతు. కౌంటీ క్రికెటర్లు చిన్న జీతాలతో నెట్టుకొచ్చే కాలంలో అది మామూలు మొత్తం కాదు. భార్యాబిడ్డలున్న మనిషి, ఆటకు చివరి దశలో ఉన్నాడు. తీసుకోలేదు. ఆయనను సాత్వికుడని మెచ్చుకునేవారూ, మెత్తనివాడని విసుక్కునేవారూ ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి.

ఆ వేసవిలో ఆస్ట్రేలియాతో మొదటి టెస్టులో 87 నాటౌట్ చేసి కూడా తర్వాతి టెస్టుకే జట్టులో చోటు పోగొట్టుకున్నాడు. చివరిదైన ఓవల్ టెస్టుకు రోజర్ ప్రిడో అనారోగ్యంతో తప్పుకుంటే పిలుపొచ్చింది. 31 దగ్గర వికెట్ కీపర్ జార్మన్ క్యాచ్ వదిలేశాడు. ఆ తర్వాత 158 దాకా వెళ్లాడు. ఆఖరి రోజు వాన ముంచెత్తితే ప్రేక్షకులే దిగి నీళ్లు తోడారు. వికెట్ పడక ఆట బిగుసుకుపోయిన వేళ అదే జార్మన్‌ను డి'ఒలివెరా బౌల్డ్ చేశాడు. మిగతా పని ఇంగ్లండ్ బౌలర్ అండర్‌వుడ్ ముగించాడు. సిరీస్ సమమైంది.

ఆ రాత్రే ఎంపిక సమావేశం మొదలైంది, తెల్లవారుజాము వరకూ సాగింది. మర్నాడు వోర్సెస్టర్ మైదానంలో ససెక్స్‌పై 128 చేసి డ్రెస్సింగ్ రూములో కూర్చున్న డి'ఒలివెరా తన పేరు లేని జాబితాను రేడియోలో విన్నాడు. కుప్పకూలి ఏడ్చాడు. కెప్టెన్ టామ్ గ్రేవ్నీ ఆయన్ను అక్కడి నుంచి తీసుకెళ్లాడు.

ఎంపిక సంఘం అధ్యక్షుడు డగ్ ఇన్సోల్ ఇచ్చిన వివరణ ఇది: విదేశీ పిచ్‌లకు ఆయనను ఆల్‌రౌండర్‌గా కాక బ్యాట్స్‌మన్‌గా మాత్రమే చూశాం, ఆయన కన్నా మెరుగైన బ్యాట్స్‌మెన్ ఉన్నారు. వినడానికి సబబుగానే ఉంది. మూడు వారాలు తిరక్కుండానే భుజం గాయంతో టామ్ కార్ట్‌రైట్ తప్పుకున్నాడు. కార్ట్‌రైట్ ప్రధానంగా బౌలర్. ఆ స్థానంలో సెప్టెంబర్ 16న ఎంపిక చేసింది ఎవరిని? డి'ఒలివెరానే. బ్యాట్స్‌మన్‌గా మాత్రమే చూసిన మనిషి బౌలర్‌కు బదులుగా ఎలా పనికొచ్చాడో ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. సెలెక్టర్లందరూ కుట్రదారులని నేను అనను. క్రికెట్ కారణాలూ కొన్ని ఉన్నాయి, అంతకుముందు శీతాకాలం వెస్టిండీస్‌లో ఆయన బాగా ఆడలేదు కూడా. కానీ పక్కన పెట్టడానికి ఒక వాదన, తీసుకోవడానికి దానికి పూర్తిగా విరుద్ధమైన వాదన చెప్పినప్పుడు, జనం మూడో కారణాన్ని వెతుక్కోవడం సహజం.

సెప్టెంబర్ 17న బ్లూమ్‌ఫోంటైన్‌లో తన పార్టీ సభలో వోర్స్టర్ మాట్లాడుతూ, ఇది ఎంసీసీ జట్టు కాదు, వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమం ఎంపిక చేసిన జట్టు, దీన్ని రానివ్వం అన్నాడు. 24న పర్యటన రద్దయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చర్చలో అవతలి పక్షం దాన్ని వాడుకోవచ్చు. ఇదే వోర్స్టర్ 1970లో న్యూజిలాండ్ రగ్బీ జట్టుతో మావోరీ ఆటగాళ్లను రానిచ్చాడు. వాళ్లను రానిచ్చినవాడు డి'ఒలివెరాను ఎందుకు అడ్డుకున్నాడు? నా అంచనా ఇది. మావోరీ ఆటగాడు ఎక్కడి నుంచో వచ్చి పోయే అతిథి. డి'ఒలివెరా ఇంటి మనిషి. తమ చట్టం రెండో రకం మనిషన్నవాడు, గులకరాళ్ల నేల మీద ఆట నేర్చినవాడు, ఇంగ్లండ్ టోపీ పెట్టుకుని న్యూలాండ్స్ మైదానంలో తెల్ల బౌలర్లను కొడుతుంటే, తెల్లేతరులకు కేటాయించిన గ్యాలరీలో కూర్చున్న కేప్‌టౌన్ జనం కేకలు వేస్తుంటే, జాతుల మెట్ల మీద కట్టిన ఆ మేడ ఏమవుతుంది? అక్కడి తెల్లేతర ప్రేక్షకులు అంతకుముందు నుంచే పర్యటక జట్లనే సమర్థించేవారు. వోర్స్టర్ భయపడింది ఒక బ్యాట్స్‌మన్‌కు కాదు, ఆ దృశ్యానికి.

రద్దయిన మాత్రాన అంతా మారిపోయిందా? లేదు. ఎంసీసీ వెంటనే 1970లో దక్షిణాఫ్రికా జట్టును ఇంగ్లండ్ పిలవడానికి సిద్ధపడింది. మాజీ కెప్టెన్, అప్పటికే మతగురువైన డేవిడ్ షెపర్డ్ 1968 డిసెంబర్‌లో ఎంసీసీ సభ్యుల ప్రత్యేక సమావేశంలో సంస్థ తీరును తప్పుపడుతూ తీర్మానం పెడితే, దాన్ని బలపరిచిన యువ క్రికెటర్ మైక్ బ్రియర్లీ. తీర్మానం ఓడిపోయింది. ఆర్లాట్ 1970 సిరీస్‌కు వ్యాఖ్యానం చెప్పనన్నాడు. పీటర్ హైన్ నడిపిన వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమం 1969–70లో దక్షిణాఫ్రికా రగ్బీ జట్టును బ్రిటన్ అంతటా వెంటాడింది. లార్డ్స్ మైదానం చుట్టూ ముళ్లకంచె వేయాల్సి వచ్చింది. ఎడిన్‌బరా కామన్వెల్త్ క్రీడలు కూడా ప్రమాదంలో పడటంతో, హోంమంత్రి జేమ్స్ కాలహన్ కోరిక మేరకు మే నెలలో పర్యటన రద్దు చేశారు. మరుసటి ఏడాది డాన్ బ్రాడ్‌మన్ అధ్యక్షతన ఆస్ట్రేలియా బోర్డు కూడా తమ దేశానికి రావాల్సిన దక్షిణాఫ్రికా జట్టు పర్యటనను రద్దు చేసింది. కాబట్టి ‘ఒక్కడి వల్ల’ అనడం ఈ వీధుల్లో తిరిగినవారికి అన్యాయం చేయడమే. క్రికెట్ కన్నా ముందు నడిచిన ఆటలూ ఉన్నాయి. టేబుల్ టెన్నిస్ సమాఖ్య 1956లోనే తెల్లవారి సంఘాన్ని కాదని వివక్ష లేని సంఘాన్ని గుర్తించింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు దక్షిణాఫ్రికాను రానివ్వలేదు.

మీ రెండో ప్రశ్న: వెలి పనిచేసిందా? వర్ణవివక్షను కూల్చింది ఆ దేశ ప్రజల పోరాటం. దానికి తోడు ఆర్థిక ఆంక్షలు, మారిన ప్రపంచ రాజకీయాలు. ఆట పాత్ర చిన్నదే. కానీ తగిలిన చోటు సున్నితమైనది. తెల్లవారికి క్రికెట్, రగ్బీ అంటే ప్రాణం. చమురు రాకపోయినా సర్దుకుంటారు గాని, జట్టు బయటికి వెళ్లలేకపోవడం ప్రతి ఇంట్లో తెలిసేది. 1971 ఏప్రిల్‌లో న్యూలాండ్స్‌లో బ్యారీ రిచర్డ్స్, గ్రేమ్ పొలాక్, మైక్ ప్రాక్టర్ వంటి తెల్ల క్రికెటర్లు ఒక్క బంతి తర్వాత మైదానం వీడి, ఎంపిక ప్రతిభ ఆధారంగా జరగాలని కోరారు. వెలి భయం లేకపోతే ఆ నడక ఉండేదా అని నా అనుమానం. 1980లలో పెద్ద డబ్బిచ్చి ఇంగ్లండ్, శ్రీలంక, వెస్టిండీస్, ఆస్ట్రేలియా ఆటగాళ్లను తమ బోర్డులను కాదని చేసే ‘తిరుగుబాటు’ పర్యటనలకు రప్పించుకున్నారు. వెలి వల్ల బాధ లేకపోతే అంత ఖర్చు చేయరు కదా.

మన దేశం సంగతి కూడా మీ అమ్మాయి చెప్పాలి. దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతపు భారతీయులపై చట్టాలకు నిరసనగా 1946లోనే భారత్ దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసింది, ఆ వివాదాన్ని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లింది. ఆ నేటాల్ భారతీయుల్లో 1860 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటలకు వెళ్లిన తెలుగువారు ఉన్నారు. 1931లో వారు స్థాపించుకున్న ఆంధ్ర మహాసభ ఆ దేశంలో తెలుగు బతికించిన సంస్థ. 1992లో అజారుద్దీన్ జట్టు ఆ నేటాల్‌లోని డర్బన్‌లో తొలి టెస్టు ఆడినప్పుడు మా విభాగంలో ఒక వాదులాట జరిగింది. స్కోరు ముందు రాయాలా, గ్యాలరీలో ఉన్న మనవాళ్ల గురించి ముందు రాయాలా అని. హైదరాబాద్ కెప్టెన్, డర్బన్ తెలుగువారు. రెండో పక్షమే గెలిచింది.

మూడో ప్రశ్న న్యాయం గురించి. ఇది కష్టమైనది, దీన్ని తేలిక చేయొద్దని మీ అమ్మాయికి చెప్పండి. పొలాక్ సగటు 60.97, కానీ 23 టెస్టులకే ఆగిపోయాడు. రిచర్డ్స్ ఆడినవి 4, ప్రాక్టర్ 7. నష్టం నిజం. అయితే ఈ లెక్కలు చెప్పేవారిని నేను ఒకటే అడుగుతాను: మరి గులకరాళ్ల నేల మీదే ముగిసిపోయిన వారి సగటు ఎంత? వాళ్ల సగటు రాసే పుస్తకమే లేదు. 1992 డర్బన్ టెస్టులో ఒమర్ హెన్రీ అనే తెల్లేతర ఆటగాడు తొలి టెస్టు ఆడేసరికి ఆయనకు 40 ఏళ్లు.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. బహిష్కరణ దెబ్బ మొదట తిన్నది డి'ఒలివెరానే. 1959లో ఫ్రాంక్ వోరెల్ నాయకత్వంలో వెస్టిండీస్ జట్టు అక్కడి తెల్లేతర జట్లతో ఆడటానికి రావాల్సింది. వివక్ష చట్టాల కింద ఆడితే వాటిని ఒప్పుకున్నట్టేనని వివక్ష వ్యతిరేకులే అడ్డుపడ్డారు. పర్యటన ఆగిపోయింది. వోరెల్, సోబర్స్ లాంటి వారి ముందు నిలబడాలని కలలు కన్న డి'ఒలివెరా ఎంతో నిరాశపడ్డాడు. ఆ నిర్ణయం సరైనదేనా? నేను అటే మొగ్గుతాను, అయినా ఆయన బాధ తప్పని అనలేను. ఉద్యమం ఆటగాణ్ణి నష్టపోయేలా చేయదని ఎవరైనా వాదిస్తే నమ్మొద్దు.

ఆయన 44 టెస్టుల్లో 5 శతకాలతో 2,484 పరుగులు చేశాడు, సగటు 40కి కొంచెం పైన. 47 వికెట్లు తీశాడు. మొదటి టెస్టు ఆడిన వయసును బట్టి చూస్తే ఈ అంకెలు ఆశ్చర్యపరుస్తాయి. 2000లో దక్షిణాఫ్రికా బోర్డు తమ శతాబ్దపు పదిమంది క్రికెటర్లలో ఆయన పేరు చేర్చింది, ఆ దేశం తరఫున ఒక్క టెస్టూ ఆడనివాడైనా. 2004 నుంచి ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా టెస్టు సిరీస్ ట్రోఫీకి ఆయన పేరే. 2011 నవంబర్‌లో మరణించాడు.

చర్చకు చివరి సలహా. ఎదుటి పక్షం ‘ఇదంతా విదేశీ వ్యవహారం, మనమేం వదులుకున్నాం’ అంటే 1974 డేవిస్ కప్ ఫైనల్ చెప్పమనండి. అమృత్‌రాజ్ సోదరులున్న భారత జట్టు మొదటిసారి కప్పు గెలవగలిగే స్థితిలో ఫైనల్‌కు చేరింది. ఎదుట ఉన్నది దక్షిణాఫ్రికా. ప్రభుత్వం ఆడొద్దంది, కప్పు ఆడకుండానే వాళ్లకు పోయింది. భారత్‌కు ఇప్పటిదాకా డేవిస్ కప్ రాలేదు. దాని వివరాలు కావాలంటే అడగండి, విడిగా రాస్తాను.